మఱియొక రామమూర్తి



ఏ యూర నైనను ఒక యువకుడు ఆంజనేయస్వామి గుడిముందరి గుండును భుజముమీదికి ఎత్తినచో, చుట్టు నిలిచినవారి నోట వెంటనే వెలువడు మాట యొకటి కలదు: "వీడు మఱియొక కోడి రామమూర్తి!" ఈ మాట ప్రేమచేత పుట్టినదే. అయినను దానివలన ఆ పిల్లవానికి కలుగు మేలేమి, కీడేమి యనునదియే నేటి నా ప్రసంగవిషయము.

కోడి రామమూర్తినాయుడుగారు 1882లో ఉత్తరాంధ్రమందలి వీరఘట్టమున జన్మించిరి, 1942లో కీర్తిశేషులైరి. ఱొమ్ముపై ఏనుగును నిలుపుకొనుట, భుజములకు గొలుసులు కట్టించుకొని మోటారుకార్లను కదలనీయక ఆపుట, ఇనుపగొలుసులను త్రెంచుట మొదలగు విద్యలను తమ సర్కసు డేరాలో ప్రజలకు చూపి, "కలియుగ భీముడు" అని పేరొందిరి. ఆయన పేర శ్రీకాకుళమున క్రీడాప్రాంగణమును, విశాఖపట్టణపు సముద్రతీరమున విగ్రహమును వెలసినవి. బలమునకు మన తెలుగునాట ఆయనయే ఉపమానము.

అయితే ఉపమానమన నేమి? అలంకారశాస్త్రము ఉపమకు నాలుగంగములు చెప్పుచున్నది. "రాజు సింహమువలె పరాక్రమశాలి" యన్నచో రాజు ఉపమేయము, సింహము ఉపమానము, పరాక్రమము సమానధర్మము, "వలె" యనునది వాచకము. రచ్చకట్టకడ మనము చేయు పోలికలో కుఱ్ఱవాడున్నాడు, రామమూర్తిగారున్నారు, "వలె" యున్నది. సమానధర్మము మాత్రము తఱచుగా కానరాదు. ఒక యంగము లోపించిన ఉపమ కావ్యమున శోభించును గాని, బిడ్డ బ్రదుకున శోభింపదు.

ఒక యుదాహరణము చూతము. బాపట్ల ప్రాంతమందలి స్టూవర్టుపురమునకు చెందిన రాగాల వెంకట రాహుల్ 2014లో చైనా దేశపు నాన్‌జింగ్ నగరమున జరిగిన యువజన ఒలింపిక్ క్రీడలలో వెయిట్‌లిఫ్టింగునందు రజతపతకము గొనెను. 2018లో ఆస్ట్రేలియాలోని గోల్డుకోస్టున కామన్వెల్తు క్రీడలలో, 85 కిలోల తరగతియందు స్వర్ణపతకము గెలిచెను. నాడు ఒక్క ఊపున తలపైకెత్తు స్నాచ్ పద్ధతిలో 151 కిలోలు, ముందు భుజములకు తెచ్చి పిమ్మట తలపైకెత్తు రెండవ పద్ధతిలో 187 కిలోలు, వెరసి 338 కిలోలు ఎత్తెను. 187 కిలోలనగా 75 కిలోల వడ్లబస్తాలు ఇంచుమించు రెండున్నర.

ఇప్పుడు "ఈతడు గొప్పవాడా, రామమూర్తిగారు గొప్పవారా?" యని యెవరైన అడిగినచో ఏమందుము? ఆ ప్రశ్నను తూచుటకు త్రాసు లేదు. రామమూర్తిగారి విద్య భరించుట, ఆపుట, ఊపిరి బిగించి నిలుచుట. రాహుల్ విద్య నిర్ణీతమైన నియమములతో, న్యాయనిర్ణేతల యెదుట, కొలిచిన యినుమును ఎత్తుట. భరించుట వేఱు, ఎత్తుట వేఱు. కావున బరువును బట్టి పోల్చుట పొసగదు. ఇరువురియందును నిజముగా సమానమైనది సాధన యొక్కటియే. రామమూర్తిగారు ప్రాణాయామము చేసినవారు, శాకాహారులు, మద్రాసు చేరువనున్న సైదాపేటలో వ్యాయామవిద్య నేర్చి విజయనగరమున ఉపాధ్యాయులుగా పనిచేసినవారు. అనగా భీముడని పేరొందకమునుపు ఆయన విద్యార్థి, పిమ్మట ఉపాధ్యాయుడు. గుడిముందర గుండెత్తిన పిల్లవానియందు మనము చూడవలసినది కండ కాదు, ఈ విద్యార్థిలక్షణము.

పోలికకు వయస్సుకూడ ముఖ్యము. ఈ సంగతి మీకు నేను చెప్పనేల? మన సీమలో తిరునాళ్లకు బండలాగుడు పందెములు పెట్టునపుడు పాలపండ్ల కోడెలకొక పందెము, రెండుపండ్ల వానికొకటి, నాలుగుపండ్ల వానికొకటి, ఆఱుపండ్ల వానికొకటి యని వేఱుచేసి, పండ్లు చూచిన పిదపనే బండకు పూన్తురు. పాలపండ్ల కోడెను ఆఱుపండ్ల యెద్దుతో జతగట్టు రైతును మీరే మందలింతురు. దాని మెడ కందునని, ఒకసారి బెదరిన కోడె మరల కాడికి రాదని మీ రెఱుగుదురు. ఎద్దులయెడ పాటించు ఈ న్యాయమును బిడ్డలయెడ ఏల పాటింపము? పదునాఱేండ్ల పిల్లవానిని నిండుప్రాయపు రామమూర్తిగారితో జతగట్టి, కేకలు వేసి, మోయలేని గుండు నెత్తింతుము. వాడు మోకాళ్లు వంచి వెన్ను నిటారుగా నిలుపుట యెఱుగడు; నడుము వంచి లాగును. నడుము పట్టిన మఱునాడు మోటకొట్టమువైపు పడుకొన్నవానిని చూడవచ్చువారు ఎందఱు?

ఇట్టి పోలికయే దేశాంతరములందును కలదు. బాస్కెట్‌బాల్ ఆటలో బుట్టకు చేరువగా నిలిచి ఆడు పొడగరిని "సెంటర్" అందురు. చైనాకు చెందిన యావ్ మింగ్ ఏడడుగుల ఆఱంగుళముల యెత్తరి. 2002లో అమెరికాలోని జాతీయ బాస్కెట్‌బాల్ సంఘపు ఎంపికలో హ్యూస్టన్ జట్టు ఆతనిని అందఱికంటె ముందుగా కోరుకొనెను. కాలిగాయములవలన 2011లో ఆట విరమించునాటికి ఆతడు లోకప్రసిద్ధుడు. పంజాబులోని ఒక పల్లెకు చెందిన రైతుబిడ్డ సత్నామ్ సింగ్ ఏడడుగుల రెండంగుళములవాడు. 2015లో డల్లాస్ జట్టు ఆతనిని ఎన్నుకొనెను. భారతదేశమున పుట్టినవారిలో అట్లు ఎన్నికైన మొదటివా డాతడే. వెంటనే ఆతనిని యావ్ మింగ్‌తో పోల్చిరి. కాని ఆ ప్రధాన పోటీలలో ఒక్క ఆటయైన ఆడు అవకాశ మాతనికి దక్కలేదు. ఇందు ఆతని దోష మెంచుట తగదు. యావ్ మింగ్ తల్లిదండ్రు లిరువురును ఆ యాట ఆడినవారే. పసినాటినుండి ఆతనికి శిక్షణ కలదు. ఇరువది రెండేండ్లు రాకమునుపే స్వదేశమున పెద్దవారితో ఆడి తేఱినవాడు. పోలిక చేసినవారు ఎత్తును కొలిచిరి. ఎత్తువెనుక నున్న యేండ్లను కొలువరైరి.

ఆకు దట్టముగా నున్నంతనే వేరుసెనగపంటను లెక్కింపరాదని మీకు తెలియును గదా! చెట్టు పెరికి వేళ్లు చూడవలెను. రామమూర్తిగారి వేళ్లు చూడుడు. చిన్నతనముననే తల్లి గతించగా, విజయనగరమున పోలీసుశాఖలో నుండిన పినతండ్రి నారాయణస్వామిగారు ఆయనను చేరదీసి పెంచిరి. అచ్చట వ్యాయామశాల దొరకెను. సైదాపేట చదువు దొరకెను. ఆమదాలవలసవైపునుండి వచ్చిన కరణం మల్లీశ్వరిగారి వేళ్లు చూడుడు. చిన్ననాడే నీలంశెట్టి అప్పన్నగారను గురువుకడ అభ్యాస మారంభించి, ఏండ్లతరబడి శ్రమించి, 2000వ సంవత్సరమున సిడ్నీ నగరమున 69 కిలోల తరగతిలో మొత్తము 240 కిలోలు ఎత్తి కాంస్యపతకము గొనిరి. ఒలింపిక్ పతకము గెలిచిన మొదటి భారతీయమహిళ ఆమెయే. నారాయణస్వామి లేని రామమూర్తియు, అప్పన్న లేని మల్లీశ్వరియు లేరు.

పెద్దలారా, ఇక్కడనే ఈ ఉపమ మనవైపు తిరుగుచున్నది. కుఱ్ఱవానిని రామమూర్తితో పోల్చుచో మనలను నారాయణస్వామితో పోల్చుకొనవలెను. మన విడపనకల్లు సీమ కొద్దిపాటి వానతో బ్రదుకు మెట్టప్రాంతము. బోరు లెండిన యేట ఈడువచ్చిన పిల్లవాడు బళ్లారికో బెంగుళూరికో కూలికి పోవును. అట్టివానికి బిరుదిచ్చుట సులభము. సంగటితోడ పప్పు, పూటకు గ్రుక్కెడు పాలు, పిడికెడు వేరుసెనగలు, దినమునకు రెండుగంటల తీరిక కల్పించుట కష్టము. బిరుదు వానికి అప్పువంటిది. తీర్చలేనివాడు సిగ్గుపడి, ఉన్న విద్యనుకూడ వదలును.

కావున నా మనవి యిది. పిల్లవానియందు బలము కనబడినచో మొదట వాని నడుమును, మోకాళ్లను కాపాడుడు. ఉరవకొండకో, అనంతపురమునకో పంపి, విధానమెఱిగిన వ్యాయామోపాధ్యాయునికి చూపుడు. పోయిన యేడు వాడెంత ఎత్తెను, ఈ యేడెంత ఎత్తెను అని వానిని వానితోనే పోల్చుడు. ఊరివా రొక నలుగురు కూడి వాని భోజనభార మొక రెండేండ్లు వహింపుడు. అటుపిమ్మట వాడు రామమూర్తి కాకపోవచ్చును. అయినను ఆరోగ్యవంతుడై, క్రమశిక్షణ నేర్చి, తరువాతి పిల్లలకు గురువు కాగలడు. ఆ ఫలము తక్కువది కాదు.

గుడిముందర ఈసారి ఎవడైన గుండెత్తినపుడు "వీడు రామమూర్తియా?" యని యడుగకుడు. "వీనికి నారాయణస్వామి యెవరు?" అని యడుగుడు. సెలవు.