గడి లేకపోతే కౌలు రైతు కనబడడు
(చివ్వెంలలో కౌలు రైతుల సర్వేకు వెళ్లే కార్యకర్తల శిక్షణలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి కాగితాల కట్టలు లేవు. మీ చేతికి ట్యాబ్‌లు ఇస్తున్నాం. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే కాగితం ఫారాల మీదే జరిగింది. వలసపోయినవాళ్లంతా ఊళ్లకొచ్చి ఎన్యూమరేటర్ కోసం ఇంటి ముందు కూర్చున్న రోజు అందరికీ గుర్తే. 2024 నవంబరులో మొదలైన కులగణనలోనూ కాగితం మీద రాసి తర్వాత కంప్యూటర్లకు ఎక్కించారు. రాసేది ఒకరు, ఎక్కించేది ఇంకొకరు. ట్యాబ్‌తో ఆ రెండో పని తప్పుతుంది. అంతవరకు మంచిదే.

కానీ మా మొదటి ప్రయత్నం ఎట్లా చెడిందో కూడా చెప్పాలి. ఫారం తయారుచేసింది మేమే. పాసుబుక్ నంబరు గడిని తప్పనిసరి చేశాం. అది నింపకపోతే తర్వాతి ప్రశ్న రాదు. కౌలు రైతుకు పాసుబుక్ ఎక్కడిది? మన పిల్లలు ముందుకు పోవాలని పట్టాదారు నంబరు వేసేశారు. సాయంత్రం లెక్క తీస్తే అందరూ సొంతదార్లే! 2018లో రైతుబంధు పాసుబుక్ చూసి ఇచ్చినప్పుడు ఏ తప్పు మీద కొట్లాడామో, అదే తప్పు మన ట్యాబ్‌లో మనమే చేశాం. ఇప్పుడు మొదటి ప్రశ్న 'ఈ వానాకాలం ఎక్కడెక్కడ సాగు చేస్తున్నారు?' అనేది. భూమి ఎవరిదన్నది ఆ తర్వాత.

ఇంకోటి. ఎకరం ఇరవై గుంటలను మనం 1.20 అని రాస్తాం. ట్యాబ్ దాన్ని ఎకరం ఎనిమిది గుంటలుగా లెక్కగడుతుంది. ఒక్క రైతు దగ్గరే పన్నెండు గుంటలు పోయినట్టు. అందుకే ఎకరాలకు ఒక గడి, గుంటలకు ఒక గడి పెట్టాం. గుంటలు 39 దాటితే ఒప్పుకోదు. కౌలు కూడా అంతే: పైసలా, బస్తాలా, పాలుకా అన్నది ముందు అడగండి. మన మండలంలో శ్రీరాంసాగర్ కాలువ చివరి భూములున్నాయి. నీళ్లందక పొలం ఎండిన ఏడు కౌలు తగ్గించారా లేదా అన్నది తప్పకుండా రాయండి.

సిగ్నల్ లేకపోయినా ఫారం ట్యాబ్‌లోనే ఉంటుంది. సిగ్నల్ దొరికినచోట పంపండి, పోయిందని చూసుకోకుండా తుడిచెయ్యొద్దు.

2022లో రైతు స్వరాజ్య వేదిక 20 జిల్లాల్లోని 34 గ్రామాల్లో 7,744 మంది రైతులను అడిగితే 2,753 మంది కౌలు చేస్తున్నవాళ్లని తేలింది. ఇంతమంది ఉన్నా బయటపడి చెప్పరు. 2011 నాటి సాగుదారుల చట్టం కింద కార్డు అడగడానికే జంకారు, పేరెక్కితే వచ్చే ఏడు భూమి ఇవ్వరని. ట్యాబ్ చూస్తే ఆ భయం ఇంకా పెరుగుతుంది. అందుకే ఫొటో తీయొద్దు, ఇంటి లొకేషన్ పెట్టొద్దు. పట్టాదారు ఎదుట అడగొద్దు. చెప్పనంటే దండం పెట్టి రండి. చెప్పినవాళ్లకు రాసిందంతా చదివి వినిపించాకే సేవ్ నొక్కండి. మగాయన లేడని వెనక్కి రావద్దు. కలుపు కూలీల లెక్క ఆమెకే బాగా తెలుసు, చాలాచోట్ల చేను చేసేదీ ఆమే.

రేపు పొద్దున ఆరింటికల్లా బయల్దేరాలి, వాళ్లు చేన్లకు పోకముందే. రాత్రే ఛార్జింగ్ పెట్టుకోండి. సంచిలో ఓ నోటుబుక్కు, పెన్ను కూడా వేసుకోండి.