కలానికి పేరుంది, కుండకు లేదు

(రాజమండ్రిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రోజూ మన చేతుల్లో ఆడే వస్తువుల చరిత్ర గురించి మాట్లాడమన్నారు. కత్తిపీట, కవ్వం, చేట, తిరగలి - ఇవన్నీ ఎవరో ఒకరు ఆలోచించి చేసినవే. అయితే వస్తువు ఎంత బాగా కుదిరితే దాని వెనక ఒక ఆలోచన ఉందన్న సంగతిని అంతగా మరచిపోతాం. ఆ ఆలోచన స్త్రీలదయితే మరచిపోవడం మరీ సులువు. మన గోదావరి ప్రాంతపు వస్తువులు మూడు తీసుకుంటాను.

ముందు రత్నం పెన్ను, దాని కథ చెప్పడం తేలిక కనుక. కోసూరి వెంకటరత్నం గారు రాజమండ్రి స్వర్ణకారుడు. అందరికీ పనికొచ్చే స్వదేశీ వస్తువేదైనా చేయమన్న గాంధీ మాటతో 1930ల మొదట్లో ఫౌంటెన్ పెన్ను తయారీకి పూనుకున్నారు. కుమారప్ప ద్వారా తనకు అందిన పెన్నుతో రాసి చూసి, విదేశీ పెన్నులకు ఇది మంచి బదులేనని మెచ్చుకుంటూ గాంధీ 1935 జులైలో ఆయనకు ఉత్తరం రాశారు. పరిశోధకులకు ఇంతకంటే ఏం కావాలి? పేరుంది, ఊరుంది, తేదీ ఉంది, సంతకంతో ఉత్తరం ఉంది. రత్నం గారి పనితనాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఆయన పేరు నిలవడం న్యాయమే. కానీ ఇలాంటి ఉత్తరాలు ఎవరికి వస్తాయన్నదే నా ప్రశ్న.

ఇప్పుడు ఆత్రేయపురం వెళ్దాం. పూతరేకులు తిననివాళ్ళు ఇక్కడ ఉండరు గానీ, వాటిని తీసే కుండను పరకాయించి చూసినవాళ్ళు ఎంతమంది? కుండను బోర్లించి, లోపల ఎండు కొబ్బరాకుల మంట పెడతారు. నానబెట్టి మెత్తగా రుబ్బిన బియ్యప్పిండిని నీళ్ళలా పల్చన చేసి, అందులో గుడ్డ ముంచి, కాలిన కుండ వీపు మీద ఒక్కసారి లాగుతారు. క్షణంలో రేకు లేస్తుంది. పూత, రేకు - ఆ పేరులోనే తయారీ విధానమంతా ఉంది.

ఇందులో ఎన్ని లెక్కలు కలిశాయో చూడండి. కుండ వీపు నున్నగా, ఒకే వంపుతో ఉండాలి, లేకపోతే రేకు చిరుగుతుంది. వేడి తగ్గితే పిండి అతుక్కుంటుంది, పెరిగితే మాడుతుంది. ఆకు మంట చప్పున లేచి చప్పున తగ్గుతుంది కనుక సెగను చేతితోనే అదుపు చేయవచ్చు. దుంగలతో అది కుదరదు. ఇంజనీరింగ్ కాలేజీలో అయితే దీనికి ఒక పెద్ద పేరు పెట్టి పాఠం చెబుతారు. ఇంట్లో చేస్తే ‘ఆడవాళ్ళ చేతివాటం’ అంటారు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఈ కుండ రేకు కోసం చక్కగా కుదిరిందే తప్ప, గంటల తరబడి దాని ముందు పొగలో కూర్చునే మనిషి కోసం కాదు. మంచి డిజైన్ అన్నప్పుడల్లా ఎవరికి మంచిది అని అడగడం మన పని.

1908లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో మెలిటా బెంట్జ్ అనే గృహిణి ఇత్తడి గిన్నెకు చిల్లులు పొడిచి, కొడుకు నోటుపుస్తకంలోని అద్దుడు కాగితం పరిచి కాఫీ వడకట్టింది. ఆమె ఆలోచన మన కుండ కంటే గొప్పదేమీ కాదు. తేడా ఏమిటంటే ఆమె దాన్ని పేటెంటు ఆఫీసులో తన పేర నమోదు చేయించుకుంది, కంపెనీ పెట్టింది. కాఫీ ఫిల్టరు మీద ఇవాళ్టికీ ఆమె పేరుంది.

మూడోది నర్సాపురం లేసు. మరియా మీస్ 1982లో ప్రచురించిన పుస్తకం మీలో కొందరు చదివే ఉంటారు. పనిని ముక్కలు చేశారు. పువ్వు అల్లేది ఒకరు, ముక్కలు అతికేది ఇంకొకరు. పూర్తయిన దుప్పటి ఎలా ఉంటుందో చాలామందికి తెలియదు. దారం ఏజెంటు ఇస్తాడు, సరుకు తీసుకుపోతాడు. వీళ్ళ సగటు సంపాదన రోజుకు 56 పైసలని, వ్యవసాయ కూలీ స్త్రీలకు నిర్ణయించిన కనీస వేతనంలో అది మూడోవంతు కూడా లేదని ఆమె లెక్క తేల్చారు. పొలం పనికి వెళ్ళే దళిత స్త్రీ ఇంతకంటే ఎక్కువ తెచ్చుకునేది. అయినా ఘోషా పాటించే కాపు కుటుంబాల్లో గడప దాటకపోవడమే గౌరవం. వీళ్ళను ‘ఖాళీ సమయంలో లేసు అల్లుకునే గృహిణులు’ అన్నారు, అమ్మినవాడు ఎగుమతిదారుడయ్యాడు.

ఇది పాత కథ అనుకోకండి. భౌగోళిక సూచికల చట్టం 1999లో వచ్చింది, 2003 నుంచి అమల్లో ఉంది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో, నర్సాపురం లేసుకు 2024లో ఆ గుర్తింపు దక్కింది. సంతోషమే. కానీ చట్టంలో ‘ఉత్పత్తిదారు’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం చదవండి. చేతివృత్తుల వస్తువుల విషయంలో తయారుచేసేవారితో పాటు వాటి వ్యాపారం చేసేవారు కూడా ఉత్పత్తిదారులే. కుండ ముందు కూర్చున్న స్త్రీ, కొట్టులో గల్లాపెట్టె ముందు కూర్చున్న యజమాని చట్టం కళ్ళకు ఒక్కటే. ఆఫీసు కాగితాలు, సంఘం సభ్యత్వం, ఫీజు కట్టే డబ్బు ఎవరి దగ్గర ఉంటాయో మీకు చెప్పనక్కరలేదు.

అయితే అదే చట్టంలో మనకు పనికొచ్చే దారి కూడా ఉంది. సంఘం పేర నమోదయ్యాక తయారీదారులు విడివిడిగా ‘అధీకృత వినియోగదారులు’గా పేరు రాయించుకోవచ్చు. మాట వింతగా ఉన్నా, ఆ పేరుతో సరుకు అమ్ముకునే హక్కు, ఆ పేరును దుర్వినియోగం చేసినవారిపై కోర్టుకు వెళ్ళే హక్కు వారికి దక్కుతాయి. రిజిస్టరులో స్త్రీల పేర్లు ఎన్ని ఉన్నాయో ముందు మనం లెక్క తీయాలి.

రెండో పని చరిత్ర సేకరణ. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలతో స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు, కాగితం లేనిచోట జ్ఞాపకమే ఆధారమని చూపించింది. వస్తువులకూ అదే పద్ధతి. కాకపోతే ‘మీరు ఏం కనిపెట్టారు’ అని అడిగితే ఎవరూ ఏమీ చెప్పరు, ‘మేమేం కనిపెడతామమ్మా’ అంటారు. ‘ఈ పని ఎవరి దగ్గర నేర్చుకున్నారు, వాళ్ళు చేసినదానికీ మీరు చేసేదానికీ తేడా ఏమిటి, కుండ ఎవరు చేసిస్తారు, ఎలా ఉంటే వెనక్కి పంపుతారు’ అని అడగాలి. కుమ్మరి ఇంట్లో స్త్రీలను కూడా వదలకండి. లేసు దగ్గరయితే నమూనా ముక్కలు దాచుకున్నవారి పేరు, వయసు, ఆ పువ్వును వాళ్ళు ఏ పేరుతో పిలుస్తారో రాసుకోండి. పేరు అచ్చువేయడానికి ఒప్పుకుంటారో లేదో తప్పకుండా అడగండి. దారమిచ్చే ఏజెంటుకు కోపం వస్తే వాళ్ళకు పని ఆగిపోతుంది.