నెల రోజుల సెలవు

కేంద్ర ప్రభుత్వోద్యోగి ఖాతాలో జనవరి 1న 15 రోజులు, జూలై 1న మరో 15 రోజులు ఆర్జిత సెలవు జమ అవుతుంది. అలా 300 రోజుల దాకా కూడబెట్టుకోవచ్చు. చాలామంది రిటైరయ్యాక సొమ్ము చేసుకోవచ్చని దాన్ని ముట్టుకోరు. తప్పనను. కానీ మోకాళ్లు అప్పటిదాకా ఆగాలి కదా!

ఒక నెల సెలవు దొరికిందనుకోండి. మొదటి వారం ప్రయాణాలు పెట్టుకోవద్దు. కంటినిండా నిద్రపోండి. పళ్ల డాక్టరు, బ్యాంకులో నామినీ పేరు, ఇలాంటి బకాయి పనులు రెండు రోజుల్లో తెమిల్చేయండి. లేకపోతే నెలంతా అవే మింగేస్తాయి.

ఆ తర్వాత ఒక్క ఊరు చాలు. పది ఊళ్లు తిరిగితే మిగిలేది బస్టాండ్ల జ్ఞాపకమే. నన్నడిగితే చీరాల పక్కనున్న వేటపాలెం అంటాను. అక్కడి సారస్వత నికేతనం 1918లో మొదలైన గ్రంథాలయం. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. పాత తెలుగు పత్రికలకు అది పెన్నిధి. వందేళ్ల నాటి ప్రకటనలు చదువుతుంటే పూట ఎలా గడిచిందో తెలియదు. మధ్యాహ్నం చీరాల మగ్గాలు చూడొచ్చు. సాయంత్రం వాడరేవు ఒడ్డున వేట పడవలు. నమలడానికి వేటపాలెం జీడిపప్పు ఎలాగూ ఉంది.

ఆఖరి మూడు రోజులకు మాత్రం ఇల్లు చేరండి. రైలు దిగి నేరుగా ఆఫీసుకు పరిగెత్తకండి. గ్రంథాలయం వేళలు ఏమిటో బయల్దేరే ముందే కనుక్కోండి. సెలవు దరఖాస్తు మాత్రం ఈ వారమే పెట్టేయండి.