అమ్మ లెక్కపెట్టిన అడుగులు

 

మా అమ్మ షోలాపూరులో ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి మీద వండింది, బీడీలు చుట్టింది. చివరికి ఊపిరితిత్తులకు సి.ఓ.పి.డి. జబ్బు వచ్చింది. ఆయాసపడుతుందని మేమే ఆమెను మంచం దిగనిచ్చేవాళ్లం కాదు. అది ప్రేమ అనుకున్నాం. కానీ కదలకపోతే కాళ్ల కండరాలు బలహీనపడి, కొద్దిపాటి నడకకే ఆయాసం ఇంకా పెరుగుతుంది.

డాక్టరుగారి సలహాతో నడుముకు అడుగులు లెక్కించే చిన్న యంత్రం పెట్టాం. మొదటి వారం మామూలుగా నడిచే అడుగులే రాసుకున్నాం. తర్వాత కొద్దికొద్దిగా పెంచాం. వెయ్యి బీడీల లెక్క తెలిసిన అమ్మకు ఈ లెక్క కష్టం కాలేదు. సాయంత్రం తక్కువైతే తనే లేచి గుమ్మం దాకా నడిచేది.

10,000 అడుగుల మాట 1965 నాటి జపాను యంత్రం పేరులోంచి వచ్చింది. ఈ రోగులకు ఆ కొలత అక్కరలేదు. రోజుకు 600 నుంచి 1,100 అడుగులు పెరిగినా చెప్పుకోదగ్గ మేలేనని 2016లో పరిశోధకులు తేల్చారు.

పిల్లలూ, ఇప్పుడు మీ ఫోన్లే అడుగులు లెక్కిస్తాయి. ఇంట్లో ఆయాసపడే పెద్దలుంటే, ముందు డాక్టరును అడగండి. తర్వాత చేయి పట్టుకుని పక్కన నడవండి.