కాగితం లేని పిచ్చి కోర్టుకు కనపడదు
(కొండకల్ సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నేను వకీలును కాను, బడిపంతులును. కానీ కోర్టు తీర్పులు చదివి మన భాషలో చెప్పే పని మనలో ఎవరో ఒకరు చెయ్యాలె. అందుకే నిలబడ్డాను.

మతి చెడిన మనిషి చేతిలో ఒక ప్రాణం పోయిందనుకుందాం. చట్టం ఏమంటది? పాత ఐపీసీలో 84వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్. తాను చేస్తున్నదేమిటో, లేదా అది తప్పని, చట్టానికి విరుద్ధమని పిచ్చి వల్ల ఆ ఘడియలో తెలుసుకోలేని స్థితిలో ఉంటే అది నేరం కాదు. ‘ఆ ఘడియలో’ అన్న మాటే కీలకం. ఎన్నడో జబ్బుండె అంటే చాలదు. కోపం పిచ్చి కాదు. కావాలని తాగిన మత్తూ పిచ్చి కాదు.

రుజువు చేసే బరువు ముద్దాయి మీదనే ఉంటది. 1964లో గుజరాత్ నుంచి వచ్చిన దహ్యాభాయి కేసులో సుప్రీంకోర్టు ఆ బరువు కొంత తగ్గించింది. సివిల్ దావాలో చూపినంత రుజువు చాలన్నది. తెలివి ఉండే చంపిండా అని జడ్జికి సబబైన అనుమానం కలిగినా ముద్దాయికి లాభం ఇయ్యాలన్నది. అయినా ఆ కేసులో శిక్ష నిలిచింది.

2002లో మహారాష్ట్ర కానిస్టేబుల్ ఒకాయన అప్పీలు సుప్రీంకోర్టులో గెలిచింది. 1994లో భార్యను రాయితో కొట్టి చంపిన కేసు. కింది కోర్టులు యావజ్జీవం వేసినయి. సుప్రీంకోర్టు ఏం చూసింది? అంతకుముందు చేయించుకున్న వైద్యం, అరెస్టయినంక 25 సార్లు ఆస్పత్రికి తీసుకపోయిన రికార్డు, చంపి దాక్కోలేదు, పారిపోలేదు అన్న సంగతి. అన్నీ కలిపి విడుదల చేసింది.

ఆయనకు కాగితం ఉండె. మరి మన కూలికి? గాలి సోకిందని యాపమండలతో కొట్టిస్తం, తాయెత్తు కట్టిస్తం, దర్గాకు తోలుకపోతం. ‘ఎర్రగడ్డకు పోవాలె’ అన్న మాటను తిట్టుగ వాడుతున్నం గాని, ఎర్రగడ్డ ఒక సర్కారు దవాఖాన అని మరిచినం. తాయెత్తుకు రసీదు ఉండదు. హైకోర్టుకు అప్పీలు పోయినంక పిచ్చి మాట ఎత్తితే, ‘ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదు, సాక్ష్యం ఏది’ అని అడుగుతరు.

అందుకే నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

ఒకటి, జబ్బు కనపడగానే దవాఖానకు పోండి. ఓపీ చీటీ, మందుల చీటీ పారేయకండి. 14416కు ఫోన్ చేస్తే పైసా లేకుండ సలహా ఇస్తరు.

రెండు, కేసయితే మొదటి రోజే మెజిస్ట్రేటుకు చెప్పండి. డాక్టరు పరీక్ష అడగండి. విచారణలో తనను తాను కాపాడుకునే తెలివి లేకుంటే విచారణ ఆపాలె.

మూడు, ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, జైల్లో ఉన్నోళ్లకు ఆదాయంతో పని లేకుండ సర్కారు వకీలును ఇస్తది. న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100.

నాలుగు, ఆ మనిషి తీరు చూసిన ఇరుగుపొరుగు సెషన్స్ కోర్టులోనే సాక్ష్యం చెప్పాలె.

పిచ్చి రుజువైతే నేరుగ ఇంటికి పంపరు. దవాఖానలో ఉంచుతరు, లేదా పూచీకత్తు మీద బంధువులకు అప్పగిస్తరు. చనిపోయినోళ్ల కుటుంబాన్ని కూడా మరువకండి. వాళ్లకు పరిహారం అడిగే హక్కుంది.

ఇంకో సంగతి. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో గుంపులుగ వచ్చి, తరిమి తరిమి నరికినోళ్లది పిచ్చి కాదు. అది కుల అహంకారం. పథకం వేసి చంపినోడు రేపు ఈ సెక్షన్ చాటున దాక్కుంటానంటే సాగనియ్యం. నిజమైన రోగికి చీటీ, సాక్షి, వకీలు ఉండాలె. ఆ పని రేపటి నుంచే మన వాడలో మొదలుపెడదాం.

జై భీమ్!