లారీ ఎవరిది? పేరు ఎవరిది?

(పల్నాడులోని ఒక పల్లెలో, అంబేద్కర్ విగ్రహం దగ్గర రాత్రిపూట జరిగిన సభలో ఒక లారీ సోదరుడు మాట్లాడిన మాటలివి. వీలైనంతవరకు ఆయన నోటి మాటనే ఉంచాం.)



నాకు మైకు అలవాటు లేదు, హారనే అలవాటు. తప్పులు మాట్లాడితే సర్దుకోండి. మొదటి లారీ కొనడం గురించి చెప్పమన్నారు. మన పల్లెల్లో స్టీరింగు పట్టిన పిల్లలు బోలెడుమంది. పదేళ్లు, పదిహేనేళ్లు తోలినా ఆ బండి మటుకు ఇంకొకరిదే. నేనూ పదకొండేళ్లు అట్లాగే తోలాను.

ముందు మా బావ సంగతి చెప్పాలి. ఊరి పెద్ద ఒకాయన పిలిచి, "నీ పేరున సబ్సిడీ లోను వస్తుంది, సంతకం పెట్టు, నీకూ కొంత ఇస్తా" అన్నాడు. మా బావ ఏలిముద్ర వేశాడు. లారీ వచ్చింది, పెద్ద కొడుకు చేతికి పోయింది. మా బావ దాని మెట్టు కూడా ఎక్కలేదు. మూడో ఏడు ఇన్సూరెన్సు కట్టలేదు. ఆ ఏడే బండి ఒక సైకిలు మనిషిని గుద్దింది. కోర్టు నోటీసు ఎవరికొచ్చింది? మాదిగపల్లెలో పాకలో పడుకున్న మా బావకి. పెద్దాయన, "నాకేం సంబంధం, కాగితం చూసుకో" అన్నాడు.

కాగితం చూసుకుంటే నిజంగానే మా బావ పేరే ఉంది. చట్టం దృష్టిలో ఆర్‌సి మీద ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. బండి అమ్మేసి చేతులు మారినా సరే, ఆర్‌సిలో పేరు మారకపోతే యాక్సిడెంటు పరిహారం ఆ పేరున్నోడి నెత్తి మీదికే వస్తుంది. అందుకని అమ్మేటప్పుడూ కొనేటప్పుడూ పేరు మార్పిడి అయ్యేదాకా వదలొద్దు. మన కులం సర్టిఫికెట్టు అద్దెకిచ్చే సరుకు కాదు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎవరైనా అట్లా సంతకం పెట్టి ఉంటే సభ అయ్యాక నాతో చెప్పండి, సిగ్గుపడొద్దు.

ఇక నా సంగతి. 2017లో పాత ఆరుటైర్ల లారీ చూశాను. ఇంజను బాగుంది, టైర్లు బాగున్నాయి, రేటు కూడా తక్కువ చెప్పాడు. తక్కువ ఎందుకో అప్పుడు తట్టలేదు. నాతో వచ్చిన ముసలి మెకానిక్కు ఇంజను మూత తియ్యకముందే "ఆర్‌సి తియ్యి" అన్నాడు. చూస్తే ఫైనాన్సు కంపెనీ పేరు ఇంకా అట్లాగే ఉంది. అప్పు తీరలేదు. కొనుంటే వాళ్ల అప్పుకి నా బండి గుంజుకుపోయేవాళ్లు. పాతబండి కొనేటప్పుడు ఫైనాన్సోళ్ల ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి రానిదే రూపాయి ఇవ్వొద్దు. పన్ను ఎప్పటిదాకా కట్టారు, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉంది, పాత కేసులూ జరిమానాలూ ఏమున్నాయి, ఇవన్నీ రవాణా ఆఫీసులోనే చూసుకోండి. అమ్మేవాడి మాట మీద పోవద్దు.

రెండు నెలలు తిరిగి ఇంకోటి కొన్నా. దానికి ఫైనాన్సోడు "వడ్డీ పది శాతమే" అన్నాడు. ఈ లెక్క మటుకు చెవొగ్గి వినండి, మనోళ్లు మునిగేది ఇక్కడే. ఆరు లక్షలు, మూడేళ్లు. ఏడాదికి అరవై వేలు చొప్పున వడ్డీ లక్షా ఎనభై వేలు. మొత్తం ఏడు లక్షల ఎనభై వేలను 36 తో భాగిస్తే నెలకు 21,667. లెక్క బాగానే కనిపిస్తుంది. కానీ మొదటి నెల కిస్తీ కట్టగానే మన అసలు తగ్గుతుంది గదా? వాడు మటుకు ఆఖరి నెల దాకా ఆరు లక్షల మీదే వడ్డీ తీసుకుంటున్నాడు. తగ్గే అసలు మీద లెక్కేస్తే అది దాదాపు పద్దెనిమిది శాతం. మా అమ్మాయి ఇంటరు చదివేటప్పుడు ఈ లెక్క చేసి చూపించింది. అప్పటికి సగం కిస్తీలు కట్టేశాను. కాబట్టి "ఫ్లాటా, తగ్గే బాకీ మీదా?" అని అడగండి. ఆ ఒక్కమాట అడిగితే ఎదుటోడు మర్యాదగా కుర్చీ వేస్తాడు, చూడండి.

బ్యాంకులో ముద్ర లోను ఉంది. 2015లో పెట్టారు. పది లక్షల దాకా పూచీ అడక్కూడదు. ఇవ్వనంటే ఎందుకు ఇవ్వవో కాగితం మీద రాసివ్వమనండి. నోటితో చెప్పిన "లేదు" ని పట్టుకుని ఎవర్నీ నిలదీయలేం.

కరోనా ఏడు, 2020లో మార్చి నుంచి ఆగస్టు దాకా కిస్తీలు ఆపుకోవచ్చన్నారు. మాఫీ అనుకున్నా. వడ్డీ మాత్రం ఆగలేదు, తర్వాత కిస్తీల్లో తేలింది. ఒక సంగతి గుర్తుంచుకోండి. వాయిదా తప్పితే రౌడీలను పంపి రోడ్డు మీద బండి గుంజుకోవడానికి బ్యాంకులకు హక్కు లేదని 2007లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అట్లా వస్తే తాళం ఇవ్వకండి, నూటికి ఫోన్ కొట్టండి, పదిమందిని పిలవండి.

బండి కొన్నాక అసలు కథ మొదలవుతుంది. గుంటూరు మిర్చి యార్డు నుంచి మద్రాసుకి లోడు దొరుకుతుంది, కిరాయి బాగానే కనిపిస్తుంది. అక్కణ్ణించి ఖాళీగా వస్తే? పోనూ రానూ ఎనిమిదొందల కిలోమీటర్లు, లీటరుకు నాలుగు చొప్పున రెండొందల లీటర్లు. అందులో సగం డీజిలు ఉత్త పుణ్యానికి కాలుతుంది. రిటర్న్ లోడు ఉంటేనే కిరాయి మిగిలేది. ట్రాన్స్‌పోర్టు ఆఫీసు కమీషను, హమాలీ, టోలు, బేటా, మామూళ్లు, టైరు అరుగుదల అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకోండి. నేను మొదటి ఏడు రాయలేదు. సంపాదించాననే అనుకున్నా.

ఆశకి పోయి ఓవర్‌లోడు వేయొద్దు. 2019 నుంచి జరిమానా ఇరవై వేలు, పైన ప్రతి టన్నుకూ రెండు వేలు. కిరాయి ఇచ్చే సేటు కట్టడు, మనమే కట్టాలి.

తమ్ముళ్లలో కొందరు నేరుగా పదిటైర్ల లారీ అంటున్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త లారీ మీద జీఎస్టీ 28 నుంచి 18 కి తగ్గింది, షోరూమోళ్లు అదే చూపించి పిలుస్తున్నారు. నా అడ్డం ఏమీ లేదు. కానీ ముందు చిన్న బండితో ఒక ఏడు తోలి చూడమంటాను. మొత్తం బరువు మూడు వేల కిలోలు దాటని గూడ్సు బండికి పర్మిటు కూడా అక్కర్లేదు. ఊళ్లో కూరగాయలు, ఇటుకలు, సిమెంటు తిరుగుతూనే ఉంటాయి. కిస్తీ చిన్నదైతే నిద్ర పడుతుంది.

మా తాత మోటకు తోలు బొక్కెన కుట్టేవాడు. కరెంటు మోటార్లు వచ్చాక ఆ పని పోయింది. నేను మొదటిసారి నా బండితో యార్డుకి పోతే గుమాస్తా "ఎవరి లారీరా ఇది?" అన్నాడు. "నాదే" అన్నా. నమ్మలా. "అది కాదురా, ఓనరెవరు?" అన్నాడు. ఆర్‌సి తీసి ముందర పెట్టా. రెండుసార్లు చదివి, "ఎక్కడోళ్లు మీరు?" అన్నాడు. "రా" పోయి "మీరు" వచ్చింది గానీ, ఆ ప్రశ్న ఎందుకడిగాడో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఒకచోట లోడు ఇచ్చేముందు క్యాబిన్ మీద అంబేద్కర్ బొమ్మకి గుడ్డ కట్టమన్నారు. నేను ఆ లోడు వదులుకుని ఖాళీగా వచ్చా. ఆ నెల కిస్తీకి మా ఆవిడ చెవుల కమ్మలు తాకట్టు పెట్టాం.

రేపు పొద్దున టీ తాగాక బండి దగ్గరికి రండి. ఆర్‌సి, ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు, నోటుబుక్కు అన్నీ చేతికిస్తాను, ఏ కాలంలో ఏం చూడాలో చూపిస్తాను. ఆడపిల్లలు కూడా రండి. మా ఇంట్లో లెక్క పట్టుకుంది మా అమ్మాయే.

జై భీమ్.