బీజగణితమున తప్పిన విద్యార్థులు – తరణోపాయము



ఉన్నతశ్రేణిలో నుత్తీర్ణులైన బాలబాలికలకు ఈ మహాసభ బహుమానము లొసగుట మిగుల ముదావహము. వారిని ప్రశంసించుటకు వక్తలు పెక్కురు కలరు. ఈ వేదిక నెక్కని వారిని గూర్చి నాలుగు మాటలు విన్నవింప గోరుచున్నాను. కళాశాలలో చేరి, బీజగణితమున తప్పి, రిమీడియల్ తరగతికి పంపబడిన విద్యార్థులే వారు. అందు కొందరు తమ యింట కళాశాల గడప త్రొక్కిన ప్రథములు. ఒక్క గణితపత్రము మూలమున వారు చదువు మానిరేని, ఆ యింటికి ఉన్నతవిద్య మరల నొక తరము దూరమగును.

“మావానికి లెక్కలు రావు” అని తల్లిదండ్రులు తీర్పు చెప్పుచుందురు. ఇది న్యాయము కాదు. బీజగణితము పుట్టుకతో వచ్చునది కాదు; మెట్టుమీద మెట్టుగా కట్టబడిన విద్య. సమీకరణమున తప్పిన విద్యార్థి వ్రాతను శోధించి చూడుడు. లోపము తరచుగా సమీకరణమున నుండదు. క్రింది తరగతులలోని భిన్నములకడనో, ఋణరాశులకడనో యుండును. 1/2, 1/3 లను కూడి 2/5 అని వ్రాయువాడు, అంకెల స్థానమున అక్షరములు వచ్చినపుడును అట్లే వ్రాయును. అక్షరము లతని తప్పునకు కారణములు కావు. దానిని బయలుపరచునవి మాత్రమే.

మన పూర్వులు ఈ క్రమమును చక్కగా నెరిగి యుండిరి. ధనఋణరాశులకును శూన్యమునకును గల నియమములను బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లో తన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున సూత్రీకరించెను. పండ్రెండవ శతాబ్దిలో భాస్కరాచార్యుడు తన బీజగణితమున మొదట ధనఋణ పరికర్మలను, పిదప శూన్యమును, అటుపిమ్మట అవ్యక్తరాశులను బోధించి, సమీకరణముల నంతకు వెనుకనే చెప్పెను. పండితులకై వ్రాసిన గ్రంథమే అడుగునుండి ఆరంభమైనపుడు, మన పిల్లవాడు అడుగునకు దిగి చదువుట యవమాన మెట్లగును?

ఇక నుపాయములు. మొదటిది, తాను జారిన మెట్టును కనిపెట్టుట. దిద్దిన పాత జవాబుపత్రములను ముందిడుకొని, ప్రతి తప్పును భిన్నము, గుర్తు, కుండలీకరణము, ఘాతము అని వర్గీకరింపవలయును. నూరు తప్పులు నాలుగైదు కారణములకు లోబడుట కనబడును. శత్రువులు నూర్గురు కారు, నలుగురే యని తెలిసిన పిమ్మట ధైర్యము తానే వచ్చును.

రెండవది, సందేహము కలిగినపుడు అక్షరమునకు బదులు అంకె నుంచి పరీక్షించుట. రెండు రాశుల మొత్తముయొక్క వర్గము, ఆ రాశుల వర్గముల మొత్తమునకు సమానమని పలువురు వ్రాయుదురు. 3, 4 లను తీసికొనుడు. మొత్తము 7, దాని వర్గము 49. విడివిడిగా వర్గములు 9, 16. వాని మొత్తము 25 మాత్రమే. లోపించిన 24 ఎక్కడిది? 3, 4 ల లబ్ధమునకు రెట్టింపు. ఇట్లు కనుగొన్న సూత్రమును విద్యార్థి మరువడు. కంఠస్థము చేసినది పరీక్షామందిరమున మోసగించును.

మూడవది, మాటల లెక్కను తన మాటలలో చెప్పుకొనుట. ఆంగ్లమున నున్న ప్రశ్నను ముందు తెలుగున చెప్పుకొనవలయును. తండ్రి వయస్సు కుమారుని వయస్సునకు మూడురెట్లు, పదేండ్లకు రెండురెట్లగును. కుమారుని వయస్సు ‘ఎక్స్’ అయినచో తండ్రిది మూడు ఎక్స్‌లు. పదేండ్లకు తండ్రిది మూడు ఎక్స్‌లును పదియు. కుమారునిది ఎక్స్‌యును పదియు, దానికి రెట్టింపు రెండు ఎక్స్‌లును ఇరువదియు. ఈ రెండును సమానము గావున ఎక్స్ 10. కుమారుడు పదేండ్లవాడు, తండ్రి ముప్పదేండ్లవాడు. పదేండ్లకు 20, 40. సరిచూచుకొనక కలము క్రింద పెట్టరాదు.

నాలుగవది, కాలవినియోగము. “పాతవన్నియు నేర్చిన పిమ్మట క్రొత్త పాఠము చూచెద”నను వాడు ఎన్నడును చేరలేడు. అమెరికాలో పూర్వతరగతులు ఒకదానివెంట నొకటి చదువవలసి వచ్చి, అసలు తరగతికి చేరకమునుపే అనేకులు విరమించుచుండిరి. అందువలన కాలిఫోర్నియా రాష్ట్రము 2017లో శాసనము చేసి, కమ్యూనిటీ కళాశాలలలో విద్యార్థి యొక యేడాదిలో అసలు గణితతరగతిని ముగించు అవకాశమును సాధ్యమైనంత పెంచవలెనని విధించెను. అసలు పాఠముతోపాటే సహాయబోధన సాగించు పద్ధతి అచ్చట వ్యాపించినది. మనవారును దినమున కరగంట పాత మెట్టునకును, తక్కిన కాలము నేటి పాఠమునకును కేటాయించుకొనవలయును. ఆదివారము నాలుగు గంటలకంటె ప్రతిదినము ముప్పావుగంట మేలు. అర్థము కానిచోట ఆనాడే గురువు నడుగవలయును. అడుగుటలో సిగ్గు లేదు.

మహాశయులారా! ఈ భారమంతయు పిల్లలపై మోపి మనమూరకుండుట తగదు. బహుమానములకై వెచ్చించు ధనమున కొంత తీసి, మన వసతిగృహములలో సాయంకాల గణితబోధన కేర్పాటు చేయుదము. విశ్రాంతులైన ఉపాధ్యాయులు మనలో కలరు. నిరుడు తప్పి నేడు గట్టెక్కిన విద్యార్థి అంతకంటె మంచి గురువు. తాను జారిన తావు అతనికి తెలియును. ఆ గదికి ఇరుగుపొరుగు బిడ్డలు వచ్చినను తలుపు మూయరాదు. ఆడపిల్ల తప్పినంతనే చదువు మాన్పించి వివాహము తలపెట్టు తొందరనుగూడ మానుదము. ఆమెకును రెండవ యవకాశము న్యాయమే.

ప్రథములకు పతకము లిచ్చుట సంతోషము. తప్పినవారికి చేయూత నిచ్చుట ధర్మము. రాబోవు మహాసభలో, నేడు తప్పి రేపు గట్టెక్కిన వారి పేర్లనుగూడ ఈ వేదికపై చదువుదురుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాను.